నేను బాగుచేసిన అక్క ల్యాప్‌టాప్

నిన్న మధ్యాహ్నం ఎవరో ఒక పాత చిన్న ల్యాప్‌టాప్ తెచ్చి నా దుకాణం బల్ల మీద పెట్టి, సాయంత్రం వస్తానని చెప్పి పోయారు. శంషాబాద్‌లో ఫోన్లు, ల్యాప్‌టాపులు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ని కాబట్టి అలవాటుగా వెనక మూత విప్పి, ఫ్యాను మీద బ్రష్ ఆడించి, స్విచ్చు నొక్కాను. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము మెల్లగా వేడెక్కుతూ ఒక వాసన లేచింది. ఎండలు ముదిరినప్పుడు మొదటి చినుకు రేకుల మీద పడి ఆవిరయ్యే వాసనకు అది మేనత్త కూతురులా ఉంటుంది. పని పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. నా వయసుకు ఊరికే కూర్చోవడం ఇంకా రాకూడదు కానీ, ఈ మధ్య బాగానే వస్తోంది.

మాది మంఖాల్. శ్రీశైలం రోడ్డు పట్టుకొని పోయేవాళ్లకు అది కిటికీలోంచి ఒకసారి కనబడి పోయే ఊరు, మాకు మాత్రం లోకం మొత్తం. విమానాశ్రయం తెరిచేనాటికి నేను అయిదో తరగతిలో ఉన్నాను. అప్పటిదాకా మా ఊరి ఆకాశంలో గద్దలు, గాలిపటాలు తప్ప మరేమీ తిరిగేవి కావు. ఆ తర్వాత మా ఇంట్లో మాటలన్నీ ముక్కలు ముక్కలయ్యాయి. నెత్తి మీద విమానం వస్తే అందరూ మాట మధ్యలోనే ఆగి, అది పోయాక ఆగిన చోటు నుంచే అందుకునేవారు. మా అవ్వ, అంటే మా బాపు తల్లి, నన్ను తిడుతూ తిడుతూ సగంలో ఆగి, మెడ పైకెత్తి, విమానం తోక కనుమరుగయ్యేదాకా చూసి, మిగిలిన సగం తిట్టేది. ఆ సందులోనే నేను గోడ దూకేవాణ్ని. మా ఇంట్లో విమానాల వల్ల మేలు జరిగింది నాకొక్కడికే అనుకుంటాను.

వానలు పడితే జొన్న చెల్కలు మోకాలెత్తు లేచి, గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసేది. బతుకమ్మ నాళ్లలో అమ్మ పెసర్లు, నువ్వులు వేరువేరుగా వేయించి దంచి సత్తుపిండి చేస్తుంటే, రోలు చుట్టూ తిరుగుతూ ఒక్కో పిడికిలి ఎగరేసుకుపోయేవాళ్లం. మహేశ్వరం దిక్కు గుట్టల మీద సీతాఫలాలు కళ్లు విప్పే వేళకు సంచులు పట్టుకొని పోయి, కాయలు తెచ్చి గడ్డిలో మాగబెట్టి, పొద్దునా సాయంత్రం నొక్కి నొక్కి చూసి, మాగేవాటిని కూడా మాగనిచ్చేవాళ్లం కాదు. చిర్రగోనె, గోటీల ఆటలు అన్ని ఊళ్లలో ఉన్నవే. మాకు మాత్రమే ఉన్న ఆట ఒకటుండేది. మిద్దె మీద వెల్లకిలా పడుకొని, ఇంకా కనబడని విమానం చప్పుడు విని, దాని తోక ఏ రంగో చెప్పాలి. తప్పు చెప్పినవాడి గోటీ పోతుంది. చెవితో రంగు చూసే విద్య ఏ బడిలోనూ చెప్పరు, అందుకే నాకు అందులో ఫస్టు వచ్చేది.

బడి సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఎనిమిది దాటి తొమ్మిదిలో అడుగుపెట్టిన కొన్నాళ్లకే మానేశాను. బడి నన్ను వెళ్లగొట్టిందని ఊళ్లో అంటారు కానీ, బడికి నా మీద అంత పట్టింపేమీ లేదు. లెక్కల సారు ఒకరోజు నాకు భవిష్యత్తు లేదన్నాడు. నాకు లేదు సరే, మీకైనా ఉన్నదా సార్ అని అడిగాను. క్లాసంతా నవ్వింది, సారు నవ్వలేదు. నేను మర్నాడు పోలేదు, ఎవరూ పిలవలేదు. నోటికి వచ్చింది అనేసి నవ్వించడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. దానికి మందు అప్పుడే వేసుకుని ఉంటే మా అక్క బతుకు ఇంకోలా ఉండేది.

అక్క పేరు స్వరూప. నాకంటే అయిదేళ్లు పెద్ద. మా రెండెకరాల చెల్క వెంచర్ వాళ్లకు పోయాక, ఆ వెంచర్‌కే మా బాపు వాచ్‌మన్‌గా చేరాడు. తను దున్నిన నేల మీద నాటిన తెల్లరాళ్ల మధ్య, ఇళ్లు లేని వీధుల్లో, ఎవరూ నడవని రోడ్ల పక్క మొక్కలకు పైపుతో నీళ్లు పెట్టేవాడు. వచ్చిన పైసలు పాత అప్పులకీ, అవ్వ దవాఖానకీ ఎటో పోయాయి. అక్క ఇంటర్ పాసైననాడు బాపు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటూ, ఇంతదాకా నేను చదివించాను, ఇక పైన చదువు నీ చేతుల్లోనే ఉందన్నాడు. కోపంతో కాదు, అలసటతో అన్నాడు. అక్క ఆ సెలవుల్లోనే శంషాబాద్‌లో తెలుగు టైపింగ్ నేర్చుకుంది. మేకలు రెండు అమ్మించి, పట్నంలో వాడి వదిలేసిన చిన్న ల్యాప్‌టాప్ ఒకటి కొనిపించి, టైపింగ్ నేర్పినాయన చేత తెలుగు ఫాంటు వేయించుకుంది. నోటుబుక్కు కంటే కాస్త పెద్దది, బస్సులో పోతుంటే సంచిలో ఇమిడేది.

భూములు సంతలో కోళ్లలా చేతులు మారుతున్న రోజులవి. మహేశ్వరంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర రేకుల షెడ్డు కింద దస్తావేజులు రాసే రాజలింగం సారు దగ్గర అక్కకు పని దొరికింది. సాయంత్రం ఆయన చేతిరాతతో ఉన్న కాయితాలు ఇచ్చేవాడు. అక్క ఇంటికి తెచ్చి టైపు కొట్టి, మర్నాడు పొద్దున పది గంటలకల్లా పెన్‌డ్రైవ్‌లో అప్పజెప్పి కాలేజీకి పోయేది. పదింటికి ఎందుకంటే, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ మంచి గడియ చూసుకొని ఆ వేళకే వచ్చి కూర్చుంటారు. ఆ పనితోనే ఆమె డిగ్రీ నడిచేది. పని ఉంటే కాలేజీ, లేకపోతే లేదు. ఇది మా ఇంట్లో గోడకు రాసుకోకపోయినా అందరికీ కంఠతా వచ్చిన లెక్క.

టైపు కొట్టేటప్పుడు అక్క హద్దులు పైకి చదువుకునేది. తూర్పున ఫలానావారి భూమి, పడమర బండ్లబాట, ఉత్తరాన వాగు. అరుగు మీద చుట్ట కాలుస్తున్న బాపు అక్కడి నుంచే దిద్దేవాడు. ఆ పడమర బాట ఎప్పుడో పూడిపోయిందని, ఆ వాగు కాడ తాను ఎడ్లకు నీళ్లు పెట్టేవాణ్నని, ఆ తూర్పు చెల్కలో కంది బాగా పండేదని చెప్పేవాడు. కాయితంలో ఉన్నదే కొట్టాలని అక్క చెప్పేది. కాయితానికేం తెలుసని బాపు గొణిగేవాడు. నేను మధ్యలో దూరి, అయితే బాపును కూడా ఒక హద్దుగా రాయమనేవాణ్ని. ముగ్గురం నవ్వేవాళ్లం.

రెండో ఏడు వచ్చేసరికి ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది. అమ్మ స్విచ్చు నొక్కి పోయి రెండు జొన్నరొట్టెలు కొట్టి, కాల్చి, దించి వస్తే అది అప్పుడే కళ్లు తెరుస్తుండేది. ఫైలు తెరవమంటే ఆలోచించుకొని చెప్తానన్నట్టు ఉండేది. దసరానాడు గడ్డపార, గొడ్డలి, మోటారు స్టార్టరు డబ్బాతో పాటు దాన్నీ వరుసలో పెట్టి అమ్మ ఆయుధపూజ చేసింది. పసుపు కుంకుమ ధారాళంగా చల్లింది. పనిచేసేదాన్ని మొక్కాలి కదా అంది. ఆ పసుపు కుంకుమలు పక్కనున్న సందుల్లోంచి లోపలికి పోయి ఫ్యానును పట్టుకున్నాయి. అప్పటి నుంచి అది మూలుగుతూ, ఆగుతూ, మధ్యలో దానంతటదే ఆరిపోతూ నడిచింది. దానికి తోడు కరెంటు కోతలు. రెండుసార్లు అక్క పది దాటాక పోయింది. మూడోసారి ఆలస్యమైతే ఎదురు షాపువాడికి ఇచ్చేస్తానని రాజలింగం సారు చెప్పాడు. ఆ రోజు అక్క అన్నం ముందు కూర్చొని, మెతుకులను పళ్లెం అంచుకు ఒక్కొక్కటే జరుపుతూ ఉండిపోయింది.

మా ముందరి గదిలో ప్రసాద్ గారని గోదావరి దిక్కు నుంచి వచ్చినాయన కిరాయికి ఉండేవాడు. విమానాశ్రయంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. నన్ను కూడా మీరు అనేవాడు, అందుకే ఆయన గదిలో నేను ఎక్కువసేపు కూర్చునేవాణ్ని. మా ఇంట్లో నన్ను మీరు అనే జీవి ఇంకోటి లేదు. ల్యాప్‌టాప్ గోస చెప్పాను. లోపలున్న సిస్టం దానికి మోయలేని బరువైందనీ, లినక్స్ అని తేలికపాటిది, ఊరికే దొరికేది ఒకటుందనీ, అది వేస్తే మళ్లీ పరుగెత్తుతుందనీ చెప్పాడు. సామాను నిండిన పాత ఇల్లు ఖాళీచేసి చాప ఒక్కటి పరిచినట్టని నేను అర్థం చేసుకున్నాను. ఆ చిన్న ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే నోరు లేదు కాబట్టి, ఒక పెన్‌డ్రైవ్‌లో అది ఎక్కించి నా చేతికిస్తూ అడిగాడు:

"ఇంతకీ మీ అక్కగారు దీంట్లో ఏం పని చేస్తారండీ?"

తెలుగు టైపింగ్ చేస్తుంది సార్ అంటే సరిపోయేది. రెండే ముక్కలు. నాకేమో నోరు దురద.

"ఏం పని సార్, మా అక్క దినాం రెండెకరాలు అమ్ముతది."

ఆయన కడుపు పట్టుకొని నవ్వాడు. నవ్వుతూనే కళ్లద్దాలు తుడుచుకొని, ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో, ముందుగా ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోవాలని చెప్పి, డ్యూటీ బస్సుకు పోయాడు. ఆయన ప్రశ్న అక్కడే నవ్వులో పడి పోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని మళ్లీ వెతకలేదు.

అక్క కాలేజీ నుంచి వచ్చేలోపు పూర్తిచేసి ఆమెను ఆశ్చర్యపరచాలని నా ఆరాటం. అక్క ఫైళ్లన్నీ ఆమె పెన్‌డ్రైవ్‌లోకి ఒక్కటి వదలకుండా తీశాను. ఆ జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మూత విప్పి, పాత టూత్‌బ్రష్‌తో ఫ్యానులోంచి అమ్మ భక్తినంతా ఊడ్చాను. తర్వాత ఉన్నదంతా తుడిచెయ్యనా అని ల్యాప్‌టాప్ అడిగింది. తుడిచెయ్యమన్నాను. మధ్యాహ్నపు కరెంటు పోయేలోపు పని అయిపోయింది. అక్క వచ్చి సంచి దించగానే స్విచ్చు నొక్కమన్నాను. అమ్మ పొయ్యి మీద రొట్టె వేసి తిప్పేలోపే తెర వెలిగింది. చప్పుడు లేదు, మూలుగు లేదు. అమ్మ పిండిచేతులతోనే వచ్చి చూసింది. అవ్వ దానికి దిష్టి తీయమంది. అక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టి జుట్టంతా చెరిపి నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది.

తర్వాత ఆ రోజు తెచ్చిన కాయితాలు ముందు పెట్టుకొని, ఎప్పటిలా పాత దస్తావేజు ఒకటి తెరిచి, దాన్నే మార్చి కొత్తది రాద్దామని చూసింది. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు, డాలర్ గుర్తులు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇంకో ఫైలు తెరిచింది, అదీ అంతే. అన్నీ అంతే.

విమానాల భాష నేర్చుకున్నది కావచ్చక్కా అన్నాను. అక్క నవ్వలేదు.

ప్రసాద్ గారు చీకటిపడి వచ్చేదాకా ఇద్దరం ఆ గీతల ముందు కూర్చున్నాం. ఆయన వచ్చి చూసి మంచం అంచున కూలబడ్డాడు. ఆ తెలుగు ఫాంటు పాత సిస్టం మీద తప్ప నడవదట. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వాటిని చదవగలిగినదాన్ని నేను తుడిచేశాను. పాత సిస్టం మళ్లీ వేయాలంటే షాపులో ఇవ్వాలి, మూడు నాలుగు రోజులు పడుతుంది. దస్తావేజులు రెండు, పొద్దున పదింటికి. ఆయన నా దిక్కు చూశాడు. కోపం లేదు, అదే కష్టంగా ఉంది.

"నేను అడిగాను కదండీ, ఏం పని చేస్తారని."

నేనేం చెప్పానో అక్క ఆయన్నే అడిగింది. ఆయన చెప్పాడు. రెండెకరాల మాట రెండోసారి చెప్పినప్పుడు అందులో నవ్వు లేదు.

లినక్స్‌లో దానికంటూ సొంత తెలుగు ఉంది. ఆయన అది చూపించాడు. కానీ అక్క వేళ్లు నేర్చుకున్న చోట్లలో అక్షరాలు లేవు. 'క' ఉండాల్సిన చోట ఇంకేదో వచ్చేది. ఆ రాత్రంతా ఆమె ఒక్కో అక్షరాన్ని, చీకట్లో చెప్పు కోసం తడిమినట్టు వెతికి వెతికి కొట్టింది. నేను పక్కన కూర్చొని కాయితం చదివాను. తూర్పున ఫలానావారి భూమి, పడమర బండ్లబాట. బాపు అరుగు మీదే ఉన్నాడు, ఆ రోజు ఒక్క హద్దూ దిద్దలేదు.

పొద్దున షేరింగ్ ఆటోలో నన్నూ వెంట తీసుకుపోయింది. తొమ్మిదిన్నరకే చేరాం. షెడ్డు కింద అమ్మేవాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. ఒక ముసలాయన తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకొని, వేలిముద్ర కోసం బొటనవేలు ముందే తుడుచుకొని కూర్చున్నాడు. రాజలింగం సారు పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు తెరిచాడు. ఆయన పాత కంప్యూటర్ తెర మీద అక్షరానికి ఒకటి చొప్పున ఖాళీ డబ్బాలు వరుస కట్టాయి. తూర్పున డబ్బాలు, పడమర డబ్బాలు. అక్క ముందుకు వంగి అటూ ఇటూ నొక్కి చూసింది. ఆ డబ్బాలన్నీ తాను కొట్టిన తెలుగే అని, తమ ల్యాప్‌టాప్‌లో మంచిగనే కనబడ్డదని చెప్పింది. సారు ఆమెను తిట్టలేదు. కళ్లద్దాలు తీసి మడిచాడు.

"నేన్ నమ్ముత తల్లీ. గని గీ డబ్బాల మీద గాయన ఏలిముద్ర ఎట్ల వెయ్యిపియ్యాలె నేను?"

అని, ఆ చేతిరాత కాయితాలు తీసి, రోడ్డు అవతల ఉన్న ఎదురు షాపువాణ్ని చప్పట్లు కొట్టి పిలిచాడు. మేం అక్కడుండగానే ఆ కాయితాలు రోడ్డు దాటాయి. ముసలాయన మళ్లీ బొటనవేలు తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్క సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నేను ఏదైనా అంటే నవ్వుతుందేమోనని నాలుగైదు మాటలు నాలుక మీదిదాకా తెచ్చుకొని మింగాను. ఇంటికి రాగానే ఏమైందని అమ్మ అక్కను అడిగింది.

"ముసల్దైందమ్మా. ఇగ నడువదట."

ఇంట్లో మూలన ఆ ల్యాప్‌టాప్, జన్మలో ఎన్నడూ లేనంత వేగంతో, వెలుగుతూ ఉంది.

కంప్యూటర్లు బాగుచేసే షాపువాడు పాత సిస్టం వేస్తానన్నాడు కానీ ఫాంటు మళ్లీ కొనాలన్నాడు, ఇంకొకరి దాంట్లోది తెచ్చి పెడితే టైపు పడదట. టైపింగ్ నేర్పినాయన అప్పటికే దుకాణం ఎత్తేసి ఎటో పోయాడు. ఫాంటు కొనాలంటే పని కావాలి, పని కావాలంటే ఫాంటు కావాలి. ఆ గుండ్రంలో కొన్నాళ్లు తిరిగి అక్క ఆగిపోయింది. పరీక్ష ఫీజు రోజులు వచ్చి, పోయాయి. బాపు ఒకసారి మేకల దొడ్డి దిక్కు చూశాడు. అందులో మేకలు లేవు. ఎండాకాలం వచ్చేసరికి అక్క విమానాశ్రయంలో సరుకులు దిగే షెడ్డులో పెట్టెల మీద నంబర్లు రాసే ఉద్యోగంలో చేరింది. తెల్లారకముందే వచ్చే కంపెనీ బస్సు కోసం, చలినాళ్లలో స్వెటర్ వేసుకొని రోడ్డు మీద నిలబడేది. ల్యాప్‌టాప్ నాకిచ్చేసింది, నీకు పనికొస్తదిలే అంది. దాని మీదనే నేను విప్పడం, బిగించడం, తప్పులు చేయడం, దిద్దడం నేర్చుకున్నాను. ఈ దుకాణం, ఈ బల్ల, దీని మీద తినే ముద్ద అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. ఆమె చదువు పోయిన చోటనే నా చదువు మొదలైంది. దీని మీద ఒక హాస్యం కట్టాలని చాలా ఏళ్లు చూశాను, కుదరలేదు. రెండెకరాల మాట మాత్రం అక్క ఈనాటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, చేతిరాత దస్తావేజులు లేవు, రాజలింగం సారు లేడు. అవ్వ పోయింది. ఆగిన తిట్టును పూర్తిచేసేవాళ్లు ఇంట్లో లేరు. సీతాఫలాల గుట్టలను సగందాకా కొట్టి చదును చేశారు. మా పిల్లలు విమానం పోతుంటే తల కూడా ఎత్తరు. ఆనాడు పనికిరాని డబ్బాలుగా కనబడిన ఆ తెలుగు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ, ప్రతి ఆఫీసులోనూ ఉంది. అక్క ఆ రాత్రి కొట్టిన ఫైలును ఇవాళ ఎక్కడ తెరిచినా చదవొచ్చు. ఆమె నాలుగైదేళ్లు ముందుగా కొట్టింది, అంతే తప్పు.

పోయిన నెల అక్క డ్యూటీ దిగి నేరుగా నా దుకాణానికి వచ్చింది. దూరవిద్యలో డిగ్రీకి దరఖాస్తు పెట్టాలంది. ముప్పై దాటాక డిగ్రీ ఎందుకని నేను అడగలేదు. పేరు, ఊరు, తండ్రి పేరు, ఇంటర్ మార్కులు అన్నీ నింపుకుంటూ వచ్చి ఒక చోట ఆగాను. మధ్యలో చదువు ఆపి ఉంటే కారణం రాయమని అడుగుతోంది. ఆమె దిక్కు తిరగకుండానే, ఏం రాయాలక్కా అని అడిగాను. అక్క కుర్చీ దగ్గరికి జరుపుకొని, నా భుజం మీదుగా తెర చూసింది.

"అప్పుడు కుదరలే అని రాయి. ఏంరా, ఇయ్యాల ఏం మాట్లాడ్తలేవు?"

అప్పుడు కుదరలేదు అని కొట్టాను. అక్షరాలు ఎంత వేగంగా వచ్చాయో. ఆ గడిలో ఇంకా చాలా చోటు మిగిలింది.